లానో దారిలో నా ఒడిలో కూర్చున్న పురుగు

మే ఆఖరుకి మా మనవరాలు స్నేహకు ఆరో నెల నిండింది. ఇంకొన్ని వారాలు పోతే డాక్టరు దూర ప్రయాణాలు మానమంటుందని, ఈలోగా రెండు రాత్రులు ఎక్కడికైనా తీసుకువెళ్ళమని భర్త నరేశ్‌ను అడిగింది. డాలస్ పక్కన ప్లేనోలో వాళ్ళ కిటికీలోంచి చూస్తే పక్కింటి కిటికీ కనిపిస్తుంది. కరివేపాకు కావాలన్నా కారు తీయాలి. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేని చోటు, ఆకాశం నిండా చుక్కలు కనిపించే చోటు కావాలన్నది ఆ పిల్ల కోరిక. నరేశ్ వెతికి వెతికి టెక్సస్ నడిబొడ్డున, లానో అనే చిన్న ఊరికి పది మైళ్ళ అవతల, పశువులు మేసే పొలంలో ఒక చెక్క ఇల్లు బుక్ చేశాడు. శుభ్రం చేసే ఖర్చుతో కలిపి రెండు రాత్రులకు మూడు వందల ఇరవై డాలర్లు. స్నేహ తల్లికి, అంటే మా అమ్మాయికి, ఆఫీసులో సెలవు దొరకలేదు. నేను విజిటర్ వీసా మీద వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను కనుక నన్ను తోడు పంపింది.

“దీన్ని బేబీమూన్ అంటరు అమ్మమ్మా,” అన్నాడు నరేశ్. అతనిది వరంగల్. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు.

“మొగుడూ పెళ్ళాల షికారుకి మధ్యలో నేనెందుకయ్యా?”

“మీరు రాకుంటే పప్పుచారు ఎవరు చేస్తరు? నేను చేస్తే మీ మనవరాలు ముట్టదాయె.”

“నువ్వు చేసేది పప్పుచారు కాదు, ఎల్లో వాటర్,” అంది స్నేహ. నాలుగేళ్ళప్పుడు ప్లేనో వచ్చిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది కానీ వెక్కిరించడానికి మాత్రం ఇంగ్లీషే వాడుతుంది.

ఇదే దారిన వెళ్ళాలనుకునేవారి కోసం వివరంగా రాస్తున్నాను. జూన్ మొదటి గురువారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. డాలస్ రద్దీ దాటి ముప్పై అయిదో నంబరు హైవే మీద దక్షిణానికి, వేకో మీదుగా బెల్టన్ దాకా వెళ్ళాలి. అక్కడ పడమటికి తిరిగితే లాంపాసస్, ఆ తరువాత బర్నెట్, ఆపైన లానో. ఆగకుండా పోతే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. కడుపుతో ఉన్న పిల్ల కనుక మధ్యమధ్య ఆపించి, దింపి, కాసేపు నడిపించాను. ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. పెట్రోలుకు నలభై మూడు డాలర్లు. లాంపాసస్ దాటాక బంకులు తగ్గిపోతాయి, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ ఊళ్ళోనే ట్యాంకు నింపుకోవడం మంచిది. బర్నెట్ తరువాత నేల రంగు మారుతుంది. గులాబీ రంగు గ్రానైట్ బండలు, వాటి మధ్య పొట్టి ఓక్ చెట్లు, బ్రహ్మజెముడు పొదలు. మన గుంటూరు ఎండలాంటి ఎండే కానీ ఉక్క లేదు.

పొలం యజమానురాలు డోనా. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఆమె ఇల్లు మా చెక్క ఇంటికి పిలుపు దూరంలో, ఓక్ చెట్ల చాటున ఉంది. తాళాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె వెంట బిస్కెట్ అనే కుక్క వచ్చింది. నాలుగు అడుగులు వేసి, రొప్పుతూ వసారాలో కూలబడింది.

“ముసలిదా?” అని అడిగాను.

“లేదమ్మా, అయిదేళ్ళే. వాడి గుండె బాగోలేదు,” అంది డోనా. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇల్లు నాకు నచ్చింది. వసారా గోడకు ఆనించి కట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వంటగది శుభ్రంగా ఉంది. వీధి తలుపు పక్కన, లైటు స్విచ్ పైన ఒక కాగితం అంటించి ఉంది. చీకటి పడ్డాక బయటి లైటు ఆర్పండి, తలుపులు, కిటికీ తెరలు మూసి ఉంచండి, పురుగులు వస్తాయి అని అందులో రాసి ఉంది. గట్టిగా చదివి వినిపించాను. ముగ్గురం విన్నాం.

అక్కడ ఆ నెలలో పొద్దు ఎనిమిదిన్నరకు గానీ కుంకదు. స్నానం చేసి, ప్లేనో నుంచి తెచ్చుకున్న చిన్న కుంది వెలిగించాను. దీపాలవేళ వీధి తలుపు బార్లా తీసి, దొడ్డి తలుపు మూసి, ఇంట్లోని లైట్లన్నీ వేయడం నాకు పుట్టినప్పటినుంచి అలవాటు. లక్ష్మీదేవి వచ్చే వేళ అది. ప్లేనోలోనూ ఒక్కరోజు మానలేదు. నాలుగు దోమలు వస్తే వచ్చాయి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా సంధ్యవేళ తలుపు మూసుకుని కూర్చోవడం నా మనసుకు అసలే ఒప్పలేదు.

“అమ్మమ్మా, కాగితంలో మూసేయమని ఉంది కదా,” అంది స్నేహ.

“చీకటి పడ్డాక అని ఉంది. ఇది సంధ్యవేళ. ఇంకా వెలుతురుంది.”

“లాయర్ లాగా మాట్లాడకు.”

“ఏం గాదు తీ, పల్లెటూర్ల పురుగులు ఉండవా?” అని నరేశ్ నా పక్షం మాట్లాడాడు. బయటి లైటు కూడా అతనే వేశాడు.

ముప్పావు గంట ఆ తలుపు తెరిచి ఉంది. డోనా ఇంట్లో కూడా లైటు లేదు, చుట్టూ మైళ్ళ పొడవునా వెలుగుతున్నది మా ఇల్లు ఒక్కటే. తెల్ల రెక్కల పురుగులు, పేడపురుగుల్లాంటివి, ఇంకా పేరు తెలియనివి వచ్చి నేల మీద రాలాయి. దీపం పెట్టాక ఇల్లు ఊడవకూడదు కనుక పొద్దున్నే ఊడుద్దామని వదిలేశాను. ఆ తరువాత లైట్లార్పి వసారాలో కూర్చుని చుక్కలు చూశాం. స్నేహ నా భుజం మీద తల పెట్టుకుని, కడుపులో పిల్ల తంతున్నదని నా చెయ్యి తీసి పెట్టుకుంది. ఆ ఇంట్లో మేము హాయిగా గడిపిన ఆఖరి గంట అది.

పొద్దున స్నేహ గదిలోంచి నిద్రమొహంతో నేరుగా వంటగదిలోకి వచ్చింది. ఎడమ కంటి కింద, బుగ్గ మీద రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా ఉబ్బి ఉంది.

“ఏమిటే అది?”

“దోమ అయి ఉంటుంది. పెయిన్ లేదు, కొంచెం ఇచ్ అంతే.” అంటూనే ముంజేత్తో రుద్దుకుంది.

పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి, రెండు చుక్కల నీళ్ళతో అరచేతిలో కలిపి, ఆ ఉబ్బు మీద వేలితో బాగా రుద్దాను. చల్లగా ఉందంది. ఆమెకు పాలు వెచ్చబెడుతూ ఉండగా గదిలోంచి నరేశ్ అరిచాడు.

దుప్పటి మడత పెడుతుంటే దిండు కింద ఒక పురుగు కనిపించిందట. నేను వెళ్ళేసరికి చెప్పు ఎత్తి నిలబడ్డాడు. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. నల్లటి ఒళ్ళు, అంచుల వెంట నారింజ రంగు గీతలు, ముందుకు పొడుచుకు వచ్చిన సన్నని తల. నల్లిని పదింతలు పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంది. కడుపు గింజలా ఉబ్బి ఉంది. రక్తం తాగి కదలలేక కదులుతోంది.

“ఆగు, చంపకు!” అన్నాను.

“దీనికి గూడ పూజ చేస్తరా అమ్మమ్మా?”

“ఏం కుట్టిందో తెలియాలంటే అది చెదరకుండా ఉండాలి. మా ఊళ్ళో పాము కరిస్తే ఆ పామును కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళేవాళ్ళు.” కాఫీ తాగే స్టీలు గ్లాసు తెచ్చి దాని మీద బోర్లించాను. నరేశ్ పరుగెత్తి డోనాను పిలుచుకువచ్చాడు.

ఆమె ఒక అట్టముక్కను గ్లాసు కిందికి తోసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కొద్దిగా వంచి చూసింది. వెంటనే మళ్ళీ మూసింది.

“ఎవరైనా చేత్తో ముట్టుకున్నారా?”

“లేదు.”

“దీన్ని కిస్సింగ్ బగ్ అంటాం. కట్టెల్లో, రాళ్ళ సందుల్లో, ఎలుకల కలుగుల్లో ఉంటుంది. వెలుతురుకి ఎగిరి వస్తుంది. నిద్రపోయేవాళ్ళ ముఖం మీద, పెదవుల పక్కన కుట్టి రక్తం తాగుతుంది. తెలియను కూడా తెలియదు.” వసారా వైపు చూసింది. “బిస్కెట్ గుండె పాడుచేసింది ఇదే. చాగస్ అనే జబ్బు. అన్ని పురుగుల్లోనూ ఉండదు, కుట్టిన ప్రతిసారీ రాదు. కానీ వాడికి వచ్చింది.”

“కాటుతో ఎక్కుతుందా?” అని అడిగాను.

“కాటుతో కాదమ్మా. రక్తం తాగుతూ అక్కడే విసర్జిస్తుంది. ఆ జబ్బు క్రిమి ఆ మలంలో ఉంటుంది. మనమే గోక్కుని, రుద్దుకుని, దాన్ని కాటులోకో కంట్లోకో పంపించుకుంటాం.”

నేను నా వేలు చూసుకున్నాను. పసుపు ఇంకా ఆరలేదు.

స్నేహను స్నానాలగదిలోకి తీసుకెళ్ళి ఆ బుగ్గ సబ్బుతో ఒకసారి, మళ్ళీ ఒకసారి కడిగించాను. నా చేతులు కడుక్కున్నాను. గూట్లో తువ్వాలు మడత విప్పకుండా ఉంది, సింకు పొడిగా ఉంది. ఆ పిల్ల పొద్దున్న ముఖం కడగకుండానే నా దగ్గరికి వచ్చిందని అప్పుడు అర్థమైంది. నేను రుద్దినది ఉత్త బుగ్గ కాదు. రాత్రి ఆ పురుగు వదిలివెళ్ళినది ఏదైనా ఉంటే, దానితో సహా రుద్దాను.

బయట నరేశ్ సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరుగుతూ ముక్కలు ముక్కలుగా చదువుతున్నాడు. “శానామందికి మొదట్ల ఏం తెల్వదంట... ఏండ్లు పోయినంక గుండెకు...” అని ఆగిపోయాడు. స్నేహ అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే చదివింది. తరువాత డోనాను అడిగింది. “బేబీకి పాస్ అవుతుందా?”

డోనా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “హనీ, ముందు నీ డాక్టరుకి ఫోన్ చెయ్యి,” అంది.

ప్లేనోలోని డాక్టరు మూడు గంటలకు రమ్మంది, పురుగును కూడా తెమ్మంది. డోనా చేతికి తొడుగులు వేసుకుని దాన్ని ఒక గాజు జాడీలోకి దించి మూత బిగించింది. మంచం, గోడ, గ్లాసు అన్నీ బ్లీచ్ నీళ్ళతో తుడిచింది. రెండో రాత్రి డబ్బు వద్దన్నా వెనక్కి ఇచ్చింది. తొమ్మిదిన్నరకు బయలుదేరాం. బిస్కెట్ లేచి కారు దాకా రాబోయి, సగం దారిలో ఆగిపోయింది.

వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. జాడీని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కారు నున్నటి రోడ్డు మీద పోయేటప్పుడు ఆ గాజును కాళ్ళతో గీరుతున్న చప్పుడు వినిపించేది. నిజంగా వినిపించిందో, నా భయమో చెప్పలేను. మూత సరిగ్గా ఉందా అని ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. దాని కడుపులో ఉన్న రక్తం నా మనవరాలిది. దాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు, పట్టుకోబుద్ధీ కాలేదు.

స్నేహ నా పక్కన కళ్ళు మూసుకుని, కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. బెల్టన్ దగ్గర కళ్ళు తెరిచి, “అమ్మమ్మా, పొద్దున్నుంచి బేబీ మూవ్ అవ్వలేదు,” అంది.

నరేశ్ తరువాతి ఎగ్జిట్‌లోనే బయటికి తీసి, ఒక బంకు ముందు ఆపాడు. లోపలికి పరుగెత్తి చల్లని నారింజ రసం తెచ్చాడు. స్నేహ అది తాగి, వెనక సీటులో ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. నేను కారు దిగి, జాడీ పట్టుకుని ఎండలో తలుపు దగ్గర నిలబడ్డాను. నరేశ్ ఆమె కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“కదులు నాన్నా,” అంటున్నాడు కడుపులోని బిడ్డతో. “ఒక్కపాలి కదులు. నీకు నేను పప్పుచారు వండిపెట్ట, ఒట్టు.”

చాలాసేపు ఏమీ లేదు. తరువాత స్నేహ ముఖం మారింది. “కిక్ చేసింది,” అంది. “పప్పుచారు వద్దంటోంది.” ముగ్గురం నవ్వాం. నరేశ్ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు, అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

డాక్టరు నలభై ఏళ్ళ స్త్రీ. తొందరపడకుండా మాట్లాడుతుంది. జాడీని వెలుతురుకి ఎత్తి చూసి, పేరు రాసి పక్కన పెట్టింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రయోగశాలకు పంపుతామంది. స్నేహ బుగ్గ చూసి కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎప్పుడు, ఎన్ని కాట్లు. “గోకారా?” “కొంచెం.” తరువాత అడిగింది. “పసుపు రాశారన్నారు. దానికి ముందు ముఖం సబ్బుతో కడిగారా?”

“యెస్,” అంది స్నేహ. ఆలోచించకుండా, నావైపు చూడకుండా అంది. “లేవగానే కడిగాను. తరువాతే మా గ్రాండ్‌మదర్ పసుపు రాసింది.”

డాక్టరు తలూపింది. “మంచిది. అలాగైతే ప్రమాదం బాగా తక్కువ.” ఆమె వేళ్ళు కంప్యూటరు మీదికి వెళ్ళాయి.

ఆ పిల్ల ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. ముఖం కడగని మాట నిజమైతే ఏం జరిగినా దానికి నా వేలే కారణమవుతుంది. బతికినంతకాలం నేను ఆ సంగతి మోయకూడదని ఒక అబద్ధం ఆడింది. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోవాలని ఒక్క క్షణం అనిపించింది కూడా.

“డాక్టర్, అది రాయకండి,” అన్నాను. “ఆమె ముఖం కడుక్కోలేదు. సింకు పొడిగా ఉంది, తువ్వాలు మడత విప్పలేదు. నేనే ఈ వేలితో, ఆ కాటు మీద, గట్టిగా రుద్దాను. ఆ తరువాత చాలాసేపటికి గానీ కడగలేదు.”

“అమ్మమ్మా!” అంది స్నేహ.

“నువ్వు మాట్లాడకు.”

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. స్నేహ తల దించుకుంది. డాక్టరు రాసినది చెరిపి మళ్ళీ రాసింది. “చెప్పడం మంచిదైంది,” అంది. “ఇందాక విన్నదాన్ని బట్టి ఒక్క పరీక్షతో సరిపెట్టేదాన్ని. ఇప్పుడు క్రిమి కోసం వేరే రక్తపరీక్ష ఈరోజే చేస్తాను, ఆరు వారాలకు మళ్ళీ చేస్తాను. జబ్బు ఉన్నా మొదట్లో ఒక పరీక్షలో కనిపించకపోవచ్చు. మామూలుగా గర్భంతో ఉండగా దీనికి మందు ఇవ్వం. కానీ ముందే తెలిస్తే బిడ్డ పుట్టగానే పరీక్షించి మందు మొదలుపెట్టవచ్చు. పసిపిల్లల్లో అది బాగా పనిచేస్తుంది. తెలియకపోతేనే కష్టం.”

కారు ఎక్కగానే స్నేహ అంది. “నీ కోసమే అలా చెప్పాను తెలుసా? నువ్వు ఫీల్ అవుతావని.”

“తెలుసు.”

“మరి ఎందుకు కరెక్ట్ చేశావ్? నువ్వు ఎవరినీ చిన్న అబద్ధం కూడా ఆడనివ్వవా?”

“నా బాధ పోగొట్టడానికి నీ బిడ్డ పరీక్ష పోగొట్టుకుంటావా?” అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే నా వేలు పట్టుకుని ప్లేనో ఇంటి దాకా వదలలేదు.

పది రోజులకు ప్రయోగశాల నుంచి కబురు వచ్చింది. ఆ పురుగులో చాగస్ క్రిమి ఉంది. స్నేహ మొదటి రక్తపరీక్షలో ఏమీ లేదు. ఆ రెండు వాక్యాల మధ్య మేము ఆరో వారం దాకా బతికాం. మూడో వారంలో ఆమెకు ఒక పూట జ్వరం వచ్చింది. అది మామూలు జలుబని తేలేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. నేల మీద నల్ల ఆవగింజ కనిపించినా వంగి చూసేదాన్ని. రోజూ పొద్దున్నే ఆమె కళ్ళు ఉబ్బాయేమో చూసేదాన్ని. నేను చూస్తున్నానని తెలిసి ఆమె ముందే కళ్ళు పెద్దవి చేసి చూపించేది. ఆమె గుండె మీద చెవి ఆనించి వినాలనిపించేది. వినడానికి నాకేం తెలుస్తుంది?

జూలై మధ్యలో రెండోసారి రక్తం తీశారు. అయిదో రోజు మధ్యాహ్నం ఫలితం ఫోన్‌లో వచ్చింది. నరేశ్ ఆఫీసు నుంచి వచ్చేదాకా తెరవనంది స్నేహ. అతను బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు. ఆమె చదివింది. క్రిమి లేదు. మళ్ళీ చదవమన్నాను. పేరు, పుట్టిన తేదీ, రక్తం తీసిన తేదీ, అన్నీ గట్టిగా చదవమన్నాను. చదివింది. “సంతకం కూడా చదవాలా మేడమ్?” అంది. చదవమన్నాను. అప్పుడు గానీ కూర్చోలేకపోయాను. బిడ్డ పుట్టాక కూడా ఒకసారి పరీక్ష చేయిస్తామని స్నేహే డాక్టరుకి చెప్పింది. నేను అడగలేదు.

లానో వెళ్ళవద్దని నేను చెప్పను. ఆ బండలు, ఆ చుక్కలు చూడదగ్గవే. డోనా అక్కడ రోజూ బతుకుతోంది. మనం ఒక చోటి అలవాట్లను పెట్టెలో సర్దుకుని ఇంకో చోటికి పోతాం. అక్కడి మనుషులు గోడ మీద రాసి పెట్టినదాన్ని చదివి కూడా మన అర్థమే తీసుకుంటాం. పొలాల మధ్య ఇళ్ళలో పొద్దు వాలకముందే బయటి లైటు ఆర్పడం, తలుపు మూయడం, కాటు కనిపిస్తే ఏదైనా రాసేముందు సబ్బుతో కడగడం, పురుగును ముట్టుకోకుండా, నలపకుండా మూతపెట్టడం, ఇవన్నీ ఆ దేశంలో ఏ ఆరోగ్యశాఖ కాగితంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటి చెబుతాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు, కారులోనే, ఎవరు ఏం చేశారో వరుస తప్పకుండా ఒకరికొకరు చెప్పుకోండి. లోపలికి వెళ్ళాక పక్కన కూర్చున్న వాళ్ళ మనసు చూడకుండా అదే చెప్పండి.